మిర్చి యార్డులో గుమాస్తా పని చేస్తూ విశ్వాసిగా ఉండొచ్చా? పాస్టరు గారు మానేయమన్నారు

తమ్ముడికి వందనాలు.

నీ ప్రశ్న పెద్దది, అందుకని మిగతావాళ్లకి కూడా తెలిసేలా ముందు రెండు ముక్కల్లో చెప్తాను. గుంటూరు మిర్చి యార్డులో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నావు. ఈమధ్యే బాప్తిస్మం తీసుకున్నావు. పొద్దున్నే కొట్లో లక్ష్మీదేవి పటానికి హారతి, అందరికీ ప్రసాదం. దసరాకి కాటాకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టమంటారు. సీజన్లో ఆదివారం కూడా లెక్కలకి రమ్మంటారు. ఇంట్లో అమ్మ ఇంకా దీపం పెడుతుంది. కుల సర్టిఫికెట్లో హిందూ అని ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. చిట్టచివర ఒక్క వాక్యం రాశావు: "టిక్కీకి కిలో తగ్గించి రాయమంటారు, అది అన్ని కొట్లలో మామూలే." టిక్కీ అంటే మిర్చి బస్తా. పాస్టరు గారేమో ఆ చోటు వదిలి బయటికి రా అంటున్నారు. మానేయాలా అని అడిగావు.

నేను యార్డు చుట్టుపక్కల లెక్కలు రాసే బతికాను, ఇప్పుడు ఖాళీగా ఉన్నాను. మా లూథరన్ సంఘంలో పెద్దరికం కూడా కొంతకాలం చేశాను. ఆ రెండు చోట్లా చూసిందాన్ని బట్టి చెప్తున్నాను. హారతి గురించి పేరాలకి పేరాలు రాశావు, కిలో గురించి ఒక్క వాక్యం రాశావు. నేను ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను.

ముందు ఆ కిలో ఏమిటో చూద్దాం. పాస్టరు గారికి ఇది తెలియకపోవచ్చు, నీకు తెలుసు. కాటా మీద తీసే తరుగంతా దొంగతనం కాదు. గోతాం బరువు తీసేయడం న్యాయం, రైతు అమ్మేది కాయలు గాని గోతాం కాదు. సరుకు నిమ్ముగా ఉంటే, రంగు పోయిన తాలు కాయలు కలిసి ఉంటే, రైతుతో మాట్లాడి ఇంత తీస్తున్నాం అని చెప్పి తీస్తే అది బేరం. ఇష్టమైతే ఒప్పుకుంటాడు, లేకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి తోలుకుంటాడు. ఈ రెండూ అయిపోయాక, కాటా మీద నలభై రెండు చూపిస్తుంటే పుస్తకంలో నలభై ఒకటి రాస్తారు చూడు, రైతుకి చెప్పకుండా, అతనికిచ్చే లెక్క చీటీ పట్టీలో కనపడకుండా, నీ ప్రశ్న ఆ కిలో గురించి.

దాన్ని లెక్క వేసి చూడు. అరవై టిక్కీల లాటు. టిక్కీకి కిలో అంటే 60 కిలోలు. క్వింటా 12 వేలు అనుకుంటే కిలో 120 రూపాయలు. మొత్తం 7,200. ఒక్క లాటు మీద, ఒక్క రైతు దగ్గర. వినుకొండ నుంచో మాచర్ల నుంచో రాత్రంతా లారీ మీద వచ్చినవాడు అతను. కోత కూలీలకి ఇంకా డబ్బులివ్వాలి, పురుగుమందు కొట్టు బాకీ ఉంది. మరి నోరెత్తి అడగడెందుకని? మీ కొట్లోనే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు కాబట్టి. పంట పెట్టుబడికి అప్పిచ్చింది మీ ఓనరే, సరుకు అమ్మిపెట్టేదీ ఆయనే, కాటా కూడా ఆయనదే. అప్పులో ఉన్నవాడు కాటా మీద తగాదా పడలేడు. ఆ కిలో అతని నిస్సహాయత మీద తీస్తున్న కిలో. అందుకే "అన్ని కొట్లలో మామూలే" అన్న మాట నాకు మింగుడుపడదు.

సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదటి వచనమే ఇది: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." హేయము అన్న మాట బైబిల్లో విగ్రహాల విషయంలోనూ వాడారు. మనవాళ్లు ప్రసాదం ముట్టుకుంటే ఏమవుతుందోనని వణికిపోతారు, త్రాసు దగ్గరికొచ్చేసరికి వ్యాపారంలో మామూలే అంటారు. నాకు అర్థం కానిది ఇదే.

సరే, ఏం చేయాలి? మానేయమని నేను చెప్పను, ఇప్పుడే కాదు. లూకా సువార్త మూడో అధ్యాయంలో సుంకరులు వచ్చి బాప్తిస్మమిచ్చు యోహానుని సరిగ్గా నీ ప్రశ్నే అడిగారు. మేమేం చేయాలి అని. ఆ రోజుల్లో సుంకం వసూలంటే మన కాటాల కంటే కంపు ఉద్యోగం. యోహాను వాళ్లని మానేయమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులొస్తే కత్తి పారేయమనలేదు, ఎవర్నీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అహాబు రాజు ఇంట్లో గృహనిర్వాహకుడు ఓబద్యా సంగతి కూడా చదువు, రాజుల మొదటి గ్రంథం పద్దెనిమిది. రాణి యెజెబెలు ప్రవక్తల్ని చంపిస్తుంటే, ఆ ఇంటి ఉద్యోగంలోనే ఉండి వందమందిని గుహల్లో దాచి అన్నం నీళ్లు పెట్టాడు. అతను ఆ చోటు వదిలి బయటికొచ్చేసి ఉంటే ఆ వందమందికి దిక్కెవరు?

కాబట్టి ఉద్యోగం ఉంచుకో, ఆ కిలో మాత్రం రాయకు. ఇది చెప్పే పద్ధతి ఒకటుంది. కొట్లో హమాలీలు, రైతులు, పక్క కొట్టు గుమాస్తాలు అందరూ ఉండగా పుస్తకం మూసేసి "నేను క్రైస్తవుణ్ణి, ఇలాంటివి రాయను" అన్నావంటే, ఓనరు పరువు బజారున పడేసినట్టు. ఆయన వినడు సరికదా, రేపట్నుంచి ఇంకో క్రైస్తవుణ్ణి పనిలో పెట్టుకోడు. సాయంత్రం కాటాలైపోయి జనం పల్చబడ్డాక, ఆయన టీ తాగుతున్నప్పుడు వెళ్లు. సీజన్ ఇంకా ముదరకముందే వెళ్లు, ఫిబ్రవరి మార్చిలో లారీలు క్యూ కట్టాక ఎవరికీ వినే ఓపిక ఉండదు. ఇలా చెప్పు:

"సార్, మీ దగ్గర ఉప్పు తింటున్నాను. మీ డబ్బు మీద రూపాయి తేడా రానివ్వను, అది మీకూ తెలుసు. ఒక్కటి మాత్రం నావల్ల కావట్లేదు. కాటా చూపించిందొకటి, నేను రాసేదొకటి అవుతోంది. తరుగు తీయాలంటే రైతుకి చెప్పి తీద్దాం, పట్టీలో తరుగు అని విడిగా గడి పెట్టి నేనే రాస్తాను. ఒప్పుకోకపోతే కాటా పుస్తకం ఇంకొకరికి ఇవ్వండి, నాకు కోల్డ్ స్టోరేజీ లెక్కలైనా, బ్యాంకు పనైనా చెప్పండి."

వద్దనడంతో పాటు దారి కూడా చూపిస్తున్నావు చూడు. ఓనర్లలో కొందరు ఇది ఒప్పుకుంటారు, నేను చూశాను. కారణం దైవభక్తి అయినా కాకపోయినా, రైతు దగ్గర తప్పుడు కిలో రాయనివాడు తన గల్లాపెట్టె దగ్గర కూడా తప్పు రాయడని వాళ్లకి తెలుసు.

కొందరు ఒప్పుకోరు. అందరికీ మేలే జరుగుతుందని సాక్ష్యాల కూటంలో చెప్పినట్టు నేను చెప్పలేను. నాకు తెలిసిన ఒక గుమాస్తా ఉండేవాడు, విశ్వాసి. కాటా అంకెలు రైతు వైపు తిప్పి, ఒక్కో టిక్కీకి అంకె గట్టిగా పైకి చదివేవాడు. "నలభై ఒకటీ మున్నూరు... నలభై రెండూ నూటయాభై..." అని పాట పాడినట్టు. పైకి చదివాక తగ్గించి రాయడం ఎవరి తరం? మాచర్ల వైపు రైతులు అతను కాటా దగ్గర ఉన్నాడా అని అడిగి మరీ దిగేవాళ్లు. ఆ ఏడు అందరికీ ఉగాదికి బోనసు ఇచ్చారు, అతనికి ఇవ్వలేదు. మరుసటేడు తనే వేరే చోట తక్కువ జీతానికి చేరాడు, పిల్ల చదువుకి ఇబ్బంది పడ్డాడు. నష్టం నష్టమే. నువ్వు మాట్లాడే ముందు కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకో. వేరే కొట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో ఖాళీలున్నాయేమో మెల్లగా వాకబు చెయ్యి. విశ్వాసం ఉంది కాబట్టి డబ్బులు దాచక్కర్లేదు అనేవాళ్ల మాట వినకు. చేతిలో నాలుగు రాళ్లున్నవాడు ధైర్యంగా మాట్లాడగలడు.

ఇంకోటి. రేపు ఈ కిలో పోయి, పుస్తకాల్లో ఎక్కించకుండా సరుకు అమ్మే జీరో బిల్లు రావచ్చు, బరువు పెరగడానికి కాయల మీద నీళ్లు కొట్టించే పని రావచ్చు. వాటికీ జవాబు ఇదే, నేను మళ్లీ రాయను. ఇవన్నీ చెప్పాక కూడా "మా కొట్లో ఉండాలంటే రాయాల్సిందే" అని ఓనరు తేల్చి చెప్తే, అప్పుడు పాస్టరు గారు చెప్పినట్టు బయటికి రా. ఆ రోజు రాజీనామా హారతి పళ్లేన్ని చూసి భయపడి ఇచ్చింది అవ్వదు, దేనికి మానేశాడో యార్డంతా తెలుస్తుంది.

ఇప్పుడు పూజ సంగతి. ఇందులో సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవు. మా లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు ఒకలాగ చూస్తారు, పెంతెకొస్తు, బ్రదరెన్ సహవాసాలు ఇంకా గట్టిగా ఉంటాయి. నీ సంఘం ఏం నేర్పుతుందో దానికి ఎదురు వెళ్లమని చెప్పను. నా ఆలోచన మాత్రం చెప్తాను.

ఆ కొట్టు నీది కాదు. ఓనరు తన కొట్లో తన దేవుడికి హారతి ఇచ్చుకుంటాడు, అది ఆయన హక్కు. ఆ టైములో నువ్వు చెప్పులు విప్పి పక్కన మర్యాదగా నిలబడితే నీ విశ్వాసానికి కన్నం పడదు. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు నుంచి బాగుపడ్డాక ప్రవక్త ఎలీషాని అడిగాడు: మా రాజు రిమ్మోను అనే దేవుడి గుళ్లో నా చేతి మీద ఆనుకుని మొక్కుతాడు, నేనూ వంగాల్సి వస్తుంది, ఈ ఒక్కటి క్షమిస్తాడా అని. ఎలీషా అతనికి ఉపన్యాసం ఇవ్వలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. పక్కన ఉండటం వేరు, నీ చేత్తో నువ్వు మొక్కడం వేరు. కొబ్బరికాయ మాత్రం నువ్వు కొట్టకు. దసరా రోజు అప్పటికప్పుడు అందరి ముందూ చెయ్యి వెనక్కి తీసుకోవడం కాదు, నాలుగు రోజుల ముందే ఓనరుకి చెప్పు: "సార్, కొబ్బరికాయ వేరేవాళ్ల చేత కొట్టించండి, మిగతా పనంతా నాది." కాటా కడుగు, మామిడాకులు కట్టేవాళ్లకి నిచ్చెన పట్టుకో, స్వీట్ల డబ్బాలు తెచ్చిపెట్టు, హమాలీలకి బట్టలు పంచు. పనికి తప్పించుకునే మనిషివి కావని తెలిస్తే కొబ్బరికాయ గురించి ఎవరూ పట్టించుకోరు.

ప్రసాదం గురించి పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం రెండూ కలిపి చదువు. విగ్రహం వట్టిదే అంటాడు, కటికవాని అంగట్లో అమ్మేది ఏదీ విచారించకుండా తినమంటాడు, కానీ ఇది అర్పించింది అని ఎవరైనా చెప్తే, ఆ చెప్పినవాడి కోసం తినకు అంటాడు. నేను తినేవాణ్ణి కాదు. అలాగని ముఖం చిట్లించలేదు, పారేయలేదు. రెండు చేతులా తీసుకుని, "మా హమాలీ పిల్లలకి ఇస్తానండి" అని వాళ్ల ముందే చెప్పి ఇచ్చేవాణ్ణి. ఇది వేషం అనేవాళ్లు ఉన్నారు, అననీ. మనం డిసెంబరు మొదటివారం నుంచే సెమీ క్రిస్మస్ అంటూ కేకు పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతాం కదా, వాళ్లు దండం పెట్టి మరీ తీసుకుంటారు. ఆ మర్యాదలో సగమైనా మనం తిరిగి ఇవ్వొద్దూ?

ఆదివారం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యార్డుకి శని, ఆదివారాలు సెలవే, నిన్ను పిలిచేది లెక్కలకి. పొద్దున్నే మొదటి ఆరాధన ఉన్న సంఘాలు గుంటూరులో చాలానే ఉన్నాయి, దానికెళ్లి పది గంటలకి వస్తానని చెప్పు. ప్రభు రాత్రి భోజన సంస్కారం ఉన్న ఆదివారం మాత్రం గట్టిగా అడిగి పూర్తి సెలవు తీసుకో. ఆమోసు ఎనిమిదో అధ్యాయం ఒకసారి చూడు. అక్కడ వ్యాపారులు విశ్రాంతిదినాన్ని నిష్ఠగా పాటిస్తూనే, ఎప్పుడెప్పుడు అయిపోతుందా, కొలిచే తూము చిన్నది చేసి, దొంగత్రాసు పెట్టి ధాన్యం అమ్ముకుందామా అని ఎదురుచూస్తున్నారు. ఆదివారం పాటించి సోమవారం కిలో తగ్గించేవాడి గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

సర్టిఫికెట్ సంగతికొస్తే, ఇది నీ ఒక్కడి సమస్య కాదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ మాలపల్లెకి, మాదిగపల్లెకి వెళ్లినా ఉన్నదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, వాటా ఒక్క శాతం. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఇక్కడ జరుగుతున్నది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో ఎవడూ వచ్చి పక్కన కూర్చోబెట్టుకోడు, కానీ కాగితం మీద మాత్రం కులం పోయిందంటారు. అందుకే ఆ కాగితం మీద బతుకుతున్నవాళ్లని నేను వేలెత్తి చూపను, ఆ భారం ఎప్పుడూ మోయని అగ్రకుల క్రైస్తవులు చూపిస్తే అస్సలు ఊరుకోను. అయినా నువ్వు నన్ను సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నా. ఇక ముందు ఏ దరఖాస్తులోనైనా మతం గడిలో నీ చేత్తో రాయాల్సి వస్తే నిజం రాయి. సర్టిఫికెట్ మార్చుకునే పద్ధతి, దానివల్ల పోయేవి వచ్చేవి, ఒక మంచి లాయరుని అడిగి తెలుసుకున్నాకే అడుగు వెయ్యి. ఆవేశంలో ఎమ్మార్వో ఆఫీసుకి పరిగెత్తకు.

పెళ్లి సంబంధాలు చూస్తున్నారన్నావు. నువ్వు దీని గురించి ఏమీ అడగలేదు, నేనే తీస్తున్నాను. మన సంఘాల్లో పెళ్లికి ముందు ప్రకటనలు చదువుతారు కదా, అభ్యంతరం ఉన్నవారు తెలపాలి అని. కట్నం సంగతి ఆ ప్రకటనలో ఎక్కడా ఉండదు. ఇన్ని లక్షలు, ఇంత బంగారం, ఆడపడుచు లాంఛనాలు, అన్నీ వెనకగదిలో మాట్లాడుకుని, ముందుగదిలో ప్రార్థన చేసి లేస్తారు. అందులో మళ్లీ సంఘం ఒకటే అయినా కులం కుదరలేదని లేచిపోయే సంబంధాలు బోలెడు, కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఎవరి లెక్క వాళ్లది. కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, సంఘ పెద్దలం మేమే పట్టించుకోం. మాచర్ల రైతు దగ్గర తీసిన 60 కిలోలు తప్పని నీకు తెలిసిపోయింది కదా, ఆడపిల్ల తండ్రి కూడా అలాంటి నోరెత్తలేని మనిషే. కట్నం వద్దు అని నువ్వే ముందు చెప్పు, మధ్యవర్తి ఇంటికి రాకముందే. అమ్మ ఏడుస్తుంది, చుట్టాలు "పిల్లాడిలో ఏదో లోపం ఉంది, అందుకే కట్నం వద్దంటున్నాడు" అంటారు. నిజంగానే అంటారు, నవ్వుకో.

అమ్మ గురించి ఒక్క మాట. ఆవిడ దీపం ఆవిడ ఇష్టం. ఆర్పకు, పటాలు తీసేయకు, సంక్రాంతి అరిసెలు తినడానికి పేచీ పెట్టకు. జీతం తేగానే ముందు ఆవిడ మందులు కొను. నువ్వు మారాక ఇంట్లో మునుపటి కంటే మంచి కొడుకు తిరుగుతున్నాడని ఆవిడకి అనిపించాలి, వాదించి గెలవడం వల్ల అది రాదు.

కొట్లో సువార్త చెప్పాలా, కరపత్రాలు పంచాలా అని కూడా అడిగావు. జీతం తీసుకుంటున్న టైములో వద్దు, అది ఓనరు టైము.  మన గుంటూరుకి మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది, ఆవిడ ఆసుపత్రి 1898లో తెరిచారు, 1930లో ఇక్కడే కన్నుమూసింది. మన ఊళ్లో బ్రాహ్మణ ఇళ్ల నుంచి, సాయిబుల ఇళ్ల నుంచి ఆడవాళ్లు కాన్పుకి కుగ్లర్ ఆసుపత్రికి వెళ్లారంటే, అక్కడ తమని బాగా చూస్తారని నమ్మి వెళ్లారు. ఎందుకలా చూస్తున్నారు అని అడిగినవాళ్లకి జవాబు దొరికేది. నిన్ను కూడా ఎవరైనా అడుగుతారు, ఎందుకు అంకె పైకి చదువుతున్నావు అని. అప్పుడు చెప్పు, రెండు మాటల్లో.

ఇక పాస్టరు గారు. ఆయన మీద కోపం పెట్టుకోకు, నీ మేలు కోరే అన్నాడు. ఆయనకి కమీషన్ కొట్టు అంటే హారతి, బొట్టు మాత్రమే కనపడుతున్నాయి, టిక్కీ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. ఒక రోజు బేరాలైపోయి కాటాలు పడే టైముకి ఆయన్ని యార్డుకి తీసుకెళ్లు. కాటా పక్కన ఒక గంట నిలబెట్టి, గోతాం తరుగేది, నిమ్ము తరుగేది, చెప్పకుండా తీసే కిలో ఏదో చూపించు. ఆ తర్వాతి ఆదివారం ఆయన చేసే ప్రసంగం మీ సంఘంలో ఉన్న కొట్ల ఓనర్లు కూడా వినాలి, మీ సంఘంలో అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. వచ్చేటప్పుడు పెద్ద చేతిరుమాలు తెచ్చుకోమను, బాగా ఘాటుండే తేజ రకం కాయల లాటు విప్పారంటే కొత్తవాళ్లు దగ్గు ఆపుకోలేరు.